మార్కులు వేసే మనిషికే మన భయాలు రాసి ఇవ్వాలా?

చిక్కుడుపాదు | 4 నవంబరు 2024, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్.లో నాకు మొదటి ఏడాది సగం దాటింది. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈ రాత్రి నిద్ర పట్టక రాస్తున్నాను.

మా విభాగంలో ప్రతి కేసు రికార్డుతో పాటు ఒక పేజీ ఆత్మపరిశీలన రాసి ఇవ్వాలి. రోగితో మాట్లాడుతున్నప్పుడు మనలో ఏం జరిగింది, ఎక్కడ తడబడ్డాం, ఎందుకు తడబడ్డాం అన్నది అందులో ఉండాలి. సూపర్‌వైజర్ చదివి సంతకం పెడతారు. ఇంటర్నల్ మార్కులలో దానికీ వాటా ఉంది.

పోయిన వారం ఒకావిడ ఓపీకి వచ్చారు. మా అమ్మ వయసు ఉంటుంది. నిద్ర లేదు, ఆకలి లేదు, గుండెల మీద బండ పెట్టినట్టుంది అన్నారు. (గుర్తుపట్టే వివరాలు మార్చాను.) మాటల మధ్యలో భర్త తాగి వచ్చే రాత్రుల గురించి మొదలుపెట్టారు. గేటు చప్పుడు వినగానే పిల్లలు పుస్తకాలు మూసి నిద్ర నటిస్తారట. ఆ మాట దగ్గర నేను "సరేనమ్మా, ఆకలి ఎలా ఉంది?" అన్నాను. ఆకలి గురించి పది నిమిషాల ముందే అడిగి రాసుకున్నాను.

మా నాన్న తాగేవారు. ఆ గేటు చప్పుడు నాకు తెలుసు.

ఆ రాత్రి పేజీ ముందు కూర్చుని "రోగితో సత్సంబంధం ఏర్పరచుకునే నైపుణ్యాన్ని మరింత మెరుగుపరచుకోవాలి" అని రాశాను. సంతకం వచ్చింది, పక్కన టిక్కు కూడా పడింది. అప్పటినుంచి ఆ టిక్కు నన్ను తినేస్తోంది.

నిజం రాయాలా? రాస్తే రేపు కేస్ ప్రజెంటేషన్‌లో, వైవాలో సార్ నన్ను చూసే చూపు మారిపోదా? రాయకూడదనుకుంటే ఇక ఈ పేజీ ఎందుకు?


రెండో_ఏడు | 4 నవంబరు 2024, రాత్రి 11:52

మీరు రాసిన ఆ వాక్యం నాకు బాగా పరిచయం. మా హాస్టల్లో అది వారసత్వ ఆస్తి. సీనియర్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు బకెట్టు, ఇస్త్రీ పెట్టెతో పాటు ఆత్మపరిశీలన పేజీల ఫైలు కూడా అప్పగించి వెళ్తారు. "మొదట రోగి మౌనం నన్ను ఇబ్బంది పెట్టింది, తరవాత మౌనం విలువ తెలిసింది" అన్న వాక్యం నాకు తెలిసి నాలుగు బ్యాచ్‌లుగా చేతులు మారుతోంది. మా దగ్గర మౌనం విలువ తెలియనివారు ఒక్కరూ లేరు.

ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. పొద్దున ఓపీ, మధ్యాహ్నం వార్డు, సాయంత్రం సెమినార్. ఒక రోర్షాక్ (సిరా మరకల పరీక్ష) తీసుకుని స్కోరింగు ముగించేసరికి రాత్రి రెండవుతుంది, ఆ పైన డిసర్టేషన్. ఇన్నిటి మధ్య బాల్యాన్ని తవ్వుకుని పేజీ మీద పోయమంటే ఎవరు పోస్తారు? పైన చూసేది పేజీల లెక్క సరిపోయిందా, సంతకం ఉందా అన్నదే.

నా సలహా: రాయకండి. నమ్మకమైన స్నేహితురాలికి చెప్పుకోండి. ఫైలుకు ఫైలు భాషే చాలు.


పాత_వార్డు | 5 నవంబరు 2024, ఉదయం 6:05

అమ్మా చిక్కుడుపాదు, మార్కుల సంగతి తరవాత. ఆవిడను చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగావా? ఇంట్లో చెయ్యి చేసుకుంటున్నాడా అని అడిగావా? మాట మార్చిన తరవాత మళ్లీ అక్కడికి వెళ్లావా? ఫైలు తీసి చూసుకో. వెళ్లకపోయి ఉంటే ఈ రోజే, ఓపీ మొదలవకముందే సూపర్‌వైజర్‌కు చెప్పు. మిగతాది సాయంత్రం రాస్తాను.


చిక్కుడుపాదు | 5 నవంబరు 2024, ఉదయం 6:40

చావు ఆలోచనల గురించి అడిగాను సార్. కానీ చివర్లో, ఫైలు మూస్తూ అడిగాను. "అలాంటి ఆలోచనలేవీ లేవు కదమ్మా?" అన్నాను. అలా అడిగితే ఎవరైనా లేవనే చెబుతారని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. కొట్టడం గురించి అసలు అడగలేదు. బయలుదేరుతున్నాను.


రెండో_ఏడు | 5 నవంబరు 2024, ఉదయం 8:15

రాత్రి ఇచ్చిన సలహాలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఏ సగమో సాయంత్రం చెబుతాను, బస్సు వచ్చింది.


పాత_వార్డు | 5 నవంబరు 2024, సాయంత్రం 7:30

పొద్దున కటువుగా రాశాను. ఈ పనిలో ముప్పై ఏళ్లు గడిచినా అలాంటి సంగతి చదివితే ముందు చెయ్యి ఫోను మీదకే వెళ్తుంది.

మన దేశంలో ఈ శిక్షణ 1955లో బెంగళూరులో డిప్లొమాగా మొదలై తరవాత ఎం.ఫిల్. అయింది. నేను చేరేనాటికి పాఠ్యప్రణాళికలో పరీక్షలు, చికిత్సా పద్ధతులు, గణాంకాలు అన్నీ ఉండేవి. నన్ను నేను చూసుకోవడం అన్న పేజీ మాత్రం ఉండేది కాదు. దానికి బదులు మా మేడం గదిలో మూల కుర్చీ ఒకటి వేసుకుని కూర్చునేవారు. ఒకసారి ఇంటర్ తప్పిన కుర్రాడు వచ్చాడు. అరగంట మాట్లాడాను. చాలా బాగా మాట్లాడాననుకున్నాను. కుర్రాడు వెళ్లాక మేడం "మీ ఇంట్లో ఈ వయసు వాళ్లు ఎవరున్నారు?" అని అడిగారు. తమ్ముడున్నాడు, చదువు మానేశాడు అన్నాను. "ఈ అరగంటా తమ్ముడితో మాట్లాడావు. ఈ పిల్లవాడు వచ్చి తన మాట చెప్పకుండానే వెళ్లాడు" అన్నారు. అంతే. అది మార్కుల్లోకి వెళ్లలేదు, మా తమ్ముడి గురించి ఆవిడ మళ్లీ అడగలేదు.

మనవాళ్లలో సైకియాట్రిస్టు జె.ఎస్. నేకీ గారు గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు నమూనాగా తీసుకోవచ్చా అని 1973లోనే రాశారు. నాకు ఆ ఆలోచన ఇష్టం. అయితే శిక్షణలో దానికి ఒక చిక్కుంది. గురువు దగ్గర శిష్యుడు ఏదీ దాచడని మనం అనుకుంటాం. నేను చూసినంతలో శిష్యుడు అందరికంటే ఎక్కువ దాచేది గురువు దగ్గరే, భక్తి ఎక్కువైన కొద్దీ మరీను.

ఇక నీ ప్రశ్న. దాన్ని రెండు ముక్కలు చెయ్యి. మీ నాన్నగారి కథ నీది. భర్త తాగుడు మాట రాగానే నువ్వు ప్రశ్న దాటేశావన్నది ఆ రోగిది. రెండోదాన్ని దాచే హక్కు నీకు లేదు, ఎందుకంటే ఆ ఫైలు కింద సంతకం పెట్టేది సూపర్‌వైజర్, ఆవిడకు జవాబుదారీ ఆయనే. మొదటిది చెప్పాలా, ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది పూర్తిగా నీ ఇష్టం. "కుటుంబంలో తాగుడు ప్రస్తావన వచ్చినప్పుడు నేను విషయం మార్చాను, ప్రమాద అంచనా అసంపూర్తిగా మిగిలింది, ఇలాంటి కేసులలో నాకు దగ్గరి పర్యవేక్షణ కావాలి" అని రాస్తే అందులో అబద్ధం లేదు. మీ ఇంటి గేటు కూడా తెరవలేదు.


రెండో_ఏడు | 5 నవంబరు 2024, రాత్రి 8:02

సరిగ్గా ఆ సగమే.


యార్క్‌షైర్_చలి | 6 నవంబరు 2024, తెల్లవారుజామున 3:10

(ఇక్కడ ఇంకా రాత్రే.) నేను ఇంగ్లండులో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ చేస్తున్నాను. మూడేళ్ల కోర్సు. జీతం జాతీయ ఆరోగ్య సేవ ఇస్తుంది, ముగించాక హెచ్‌సీపీసీ (ఆరోగ్య వృత్తులను నియంత్రించే మండలి) రిజిస్టరులో పేరు ఎక్కితేనే ఆ హోదాతో పని చేయగలం. ఇక్కడ "వ్యక్తిగత, వృత్తిపర వికాసం" అన్నది మూడేళ్లూ సాగే పాఠం. రోగులతో పనిలో సూపర్‌వైజర్ ఉంటారు. విడిగా కోర్సు ట్యూటర్ ఉంటారు. వీరెవరికీ సంబంధం లేని బయటి మనిషి నడిపే బృందం ఒకటి ఉంటుంది. మా కోర్సులో పక్షానికోసారి కూర్చుంటాం. అక్కడి మాట కోర్సుకు వెళ్లదు, మార్కులు లేవు.

పేపరు మీద చూస్తే చిక్కుడుపాదు సమస్యకు ఇదే మందు. మరి అందులో కూర్చుంటే ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి మూడు నెలలు ఎవరూ నోరు విప్పలేదు. పది కుర్చీలు, ఒక టిష్యూ పెట్టె, గంటన్నర మౌనం. మా ఇంట్లో నలుగురు కూర్చుని మాట్లాడకపోతే ఎవరో ఒకరు లేచి టీ పెడతారు. ఇక్కడ మౌనానికి అర్థం వెతుకుతారు. నాలుగో నెలలో ఒకమ్మాయి ఏడ్చింది. అప్పుడు అందరూ మాట్లాడారు, ఆ అమ్మాయి తప్ప. ఆ గదిలో నల్లటి తలకాయ నాదొక్కటే. నా మాట ఏదైనా సరే "మీ సంస్కృతిలో" అన్న ఖాతాలో పడేది. ఆ సంగతి నేను ఆ బృందంలో ఏడాది వరకు చెప్పలేకపోయాను.

ఇక్కడి ఒక కోర్సులో 18 బ్యాచ్‌ల పూర్వ విద్యార్థులను ఈ బృందాల గురించి అడిగి 2010లో ప్రచురించారు. ఎక్కువ మంది మేలు జరిగిందన్నారు. బాధ కలిగిందన్నవారూ తక్కువేమీ కాదు. నాకు రెండూ జరిగాయి, ఒక్కోసారి ఒకే గంటన్నరలో. కాబట్టి మార్కులు తీసేస్తే చాలు, మనసులు వాటంతట అవే తెరుచుకుంటాయని అనుకోకండి. మార్కులు తీసేయడం వల్ల తలుపుకు గడియ ఉండదు. తోసేది ఎవరో ఒకరు తోయాలి.

ఇంకొకటి. సొంతానికి థెరపీకి వెళ్లడం ఇక్కడ కౌన్సెలింగ్ సైకాలజీ వాళ్లకు తప్పనిసరి, 40 గంటలు. క్లినికల్ వాళ్లకు కాదు. పక్కపక్క గదుల్లో పని చేసే రెండు వృత్తులు ఈ ఒక్క విషయంలో ఇన్నేళ్లుగా ఒక మాట మీదికి రాలేదు.


ఓపీ_చీటీ | 6 నవంబరు 2024, మధ్యాహ్నం 2:20

నేను సైకియాట్రీ పీజీని. తిట్టినా సరే, ఒక మాట.

పొద్దున మొదటి బస్సు పట్టుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని, ముగ్గురు మనుషులు ఒక రోగిని వెంటపెట్టుకుని వస్తారు. నేను ఇచ్చేది ఏడు నిమిషాలు. సైకాలజిస్టు దగ్గరకు పంపితే పరీక్షకు తేదీ ఆరు వారాల తరవాత. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో మన రెండు రాష్ట్రాలూ లేవు. అంటే మన లోటు ఎంతో మనం సరిగ్గా లెక్క కూడా పెట్టుకోలేదు. ఇటువంటి చోట ట్రైనీలు తమ లోపలికి చూసుకుంటూ గంటలు గడపడం నాకు విలాసంగా తోస్తుంది. ముందు రిపోర్టు సమయానికి ఇవ్వండి. పరీక్ష సరిగ్గా చేయండి. ఆ తరవాత మీ భావాలు.


చిక్కుడుపాదు | 6 నవంబరు 2024, మధ్యాహ్నం 3:05

రిపోర్టు ఆలస్యం గురించి మీరన్నది నిజం. కానీ నేను ఆ ప్రశ్న దాటేయడం విలాసం వల్ల జరగలేదు. పరీక్ష సరిగ్గా చేయనిది అక్కడే కదా.

నిన్నటి సంగతి: పొద్దునే సార్‌కు చెప్పాను. ఏం దాటేశానో కాగితం మీద రాసుకుని వెళ్లి చదివాను. సార్ ఫైలు తెప్పించి, సోషల్ వర్కర్ చేత ఆవిడ ఇచ్చిన నంబరుకు ఫోను చేయించారు. భర్త ఎత్తుతాడేమోనని జాగ్రత్తపడి "పరీక్ష కాగితాల కోసం" అని మాత్రమే చెప్పారు. ఆవిడే ఎత్తారు. గురువారం రమ్మన్నాం. నన్ను సార్ ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా భయంగా ఉంది.


నల్లమల_నీడ | 6 నవంబరు 2024, రాత్రి 10:40

ఓపీ_చీటీ గారూ, పరీక్ష సరిగ్గా చేయండి అన్నారు కదా. సరిగ్గా చేసిన ఒక పరీక్ష సంగతి వినండి.

వైకల్య సర్టిఫికెట్ల కోసం పెట్టే సదరం శిబిరం. బయట చెట్టు కింద వంద మంది. పదకొండేళ్ల పిల్లవాడు, వాడి తల్లి. సర్టిఫికెట్ లెక్క మీకు తెలిసే ఉంటుంది. తెలియనివారి కోసం: అప్పటి 2018 మార్గదర్శకాల పట్టికలో స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం వైకల్యం. 70 నుంచి 84 మధ్య ఉంటే 25 శాతం. పింఛను రావాలంటే 40 శాతం ఉండాలి. అంటే 69కీ 70కీ మధ్య ఒక్క అంకె, దాని వెనక ఒక ఇంటి నెలవారీ బియ్యం.

ఆ స్కోరు వచ్చేది వైన్‌లాండ్ స్కేలుతో. అందులో పిల్లవాడు ఏమేం చేసుకోగలడో జవాబు చెప్పేది ఎక్కువగా తల్లే. "గుండీలు పెట్టుకోవడం రాదు మేడం" అంది. వాడు అదే సమయానికి, ఏమీ తోచక, చొక్కా పైగుండీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తల్లి వాడి చేతుల వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, దొరికిపోయిన సిగ్గు మాత్రమే ఉంది. నేను ఆ అంశానికి పూర్తి మార్కు ఇవ్వాలి. సగం ఇచ్చాను. అయినా చివర్లో 71 వచ్చింది. కాగితం చూసి ఆవిడ "రెండు తగ్గిస్తే నీ సొమ్మేం పోతుందమ్మా" అంది.

పోయేది ఏమిటో ఆవిడకు చెప్పే మాటలు నా దగ్గర లేవు. పాఠ్యపుస్తకంలో నైతిక నియమాలు చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఆ రోజు పనికొచ్చింది అవి కాదు. శిబిరం అయ్యాక మా మేడం దగ్గరకు వెళ్లి "సగం మార్కు దొంగతనంగా ఇచ్చాను, ఇంకో రెండు కూడా ఇవ్వాలనిపించింది" అన్నాను. ఆవిడ కోప్పడతారనుకున్నాను. కుర్చీ చూపించి "ఎవరికి ఇచ్చావు? పిల్లవాడికా, తల్లికా, నీకా?" అన్నారు. ఆలోచిస్తే నాకే ఇచ్చుకున్నాను. మంచిదాన్ని అనిపించుకోవాలని. తరవాత ఆ అంశం సరిచేసి రాశాం. స్కోరు 72 అయింది. నెల తరవాత వేరే పరీక్షతో మళ్లీ చూశాం. పింఛను గీతకు ఇవతలే ఉండిపోయాడు. బడిలో ప్రత్యేక టీచరు దగ్గర కూర్చోబెట్టే ఏర్పాటు ఒకటి చేయించగలిగాం. అది పింఛనుకు సాటి కాదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఆ రోజు నేను నా లోపలికి చూసుకోకపోతే ఇవాళ్టికీ సగం మార్కులు పంచుతూ ఉండేదాన్ని, అదే దయ అనుకుంటూ. లేదా విసిగిపోయి అందరు తల్లులూ అబద్ధాలకోరులని తేల్చేసేదాన్ని. రెండో రకం వాళ్లను మీరూ చూసి ఉంటారు.

చిక్కుడుపాదూ, నేను అప్పటినుంచి రెండు నోటుపుస్తకాలు పెట్టుకున్నాను. ఫైలుకు ఒకటి, నాకు ఒకటి.


నిర్వాహకులు | 7 నవంబరు 2024, ఉదయం 9:00

పైన ఒక వ్యాఖ్యలో శిబిరం జరిగిన మండలం పేరు ఉంటే తీసేశాం. రోగుల విషయంలో ఊరు, వృత్తి, తేదీ మూడూ కలిస్తే పేరు చెప్పినట్టే. దయచేసి గుర్తుంచుకోండి.


పాత_వార్డు | 7 నవంబరు 2024, ఉదయం 9:40

నిర్వాహకులకు ధన్యవాదాలు. రెండో నోటుపుస్తకానికి కూడా అదే నియమం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం రోగి సమాచారం గోప్యంగా ఉంచడం వారి హక్కు. నీ సొంత డైరీ అని చట్టం ఊరుకోదు, బస్సులో మరిచిపోతే అసలే ఊరుకోదు. అందులో నీ గురించి రాసుకో. రోగికి పేరు వద్దు, అంకె కూడా వద్దు.


ఓపీ_చీటీ | 7 నవంబరు 2024, మధ్యాహ్నం 1:15

నల్లమల_నీడ గారూ, ఆ పైగుండీ సంగతి రెండుసార్లు చదివాను. మా వైపు కూడా ఇలాంటివి ఉన్నాయి. "నిద్రమాత్రలు రెండు నెలలకు రాయండి సార్" అంటారు, రాసేస్తాం, ఎందుకు రాశామో ఎవరూ అడగరు. విలాసం అన్న మాట వెనక్కి తీసుకుంటాను. ఆరు వారాల తేదీ సంగతి మాత్రం వదలను.


తుంగభద్ర | 8 నవంబరు 2024, రాత్రి 9:25

ఇంతవరకు అందరూ నాన్న, తమ్ముడు, గుండీ దగ్గరే ఆగారు. నేను ఇంకో తలుపు దగ్గర ఆగిపోయాను, నేనెవరో ఇక్కడ ఎవరికీ తెలియదు కాబట్టి చెబుతున్నాను.

వార్డులో ఒక పెద్దావిడ. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నేను ప్రశ్న అడిగేలోపే ఆవిడ అడిగింది: పేరేమిటి? చెప్పాను. ఇంటిపేరు? చెప్పాను. ఏ ఊరు? చెప్పాను. "ఊళ్లో ఏ పక్క?"

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న అర్థం వివరించనక్కర్లేదు. నేను "బస్టాండు పక్క" అన్నాను. మా ఇల్లు బస్టాండుకు ఎంత దూరమో నాకు తెలుసు. ఆవిడ తృప్తిపడి తన కష్టాలన్నీ చెప్పుకుంది. చెయ్యి కూడా పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకున్నంతసేపూ నేను దొంగలా కూర్చున్నాను.

మా తరగతిలో మన గురించి మనం తెలుసుకోవడం మీద నాలుగు పాఠాలు చెప్పారు. ఒక్కదానిలోనూ ఇది లేదు. రోగి మన వ్యక్తిగత విషయాలు అడిగితే "ఇది తెలుసుకోవడం మీకు ఎందుకు ముఖ్యమనిపిస్తోంది?" అని తిరిగి అడగాలని నేర్పారు. ఆవిడను అలా అడిగితే నవ్వేది. ఎందుకు ముఖ్యమో వార్డులో అందరికీ తెలుసు. ఆ రాత్రి నా పేజీలో "కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ గమనించాను" అని ఇంగ్లీషులో రాశాను, అంటే రోగి వల్ల నాలో లేచిన భావాలను గమనించానని. ఆ మాట ఎంత పెద్దదంటే దాని వెనక మా పేట మొత్తం దాక్కుంది. సార్ టిక్కు పెట్టారు.

నిజం రాయకపోవడానికి మార్కుల భయం ఒక్కటే కారణం కాదు. చదివే మనిషి ఏ పక్కవాడో నాకు తెలుసు. సగం రాత్రి ఆలోచించి చివరకు ఆ పేజీ తెలుగులో మళ్లీ రాసుకున్నాను, ఎవరికీ ఇవ్వలేదు. ఇంగ్లీషులో "అసౌకర్యం కలిగింది" అని రాస్తే అది ఎవరికో కలిగినట్టుంది. తెలుగులో "నేను అబద్ధం చెప్పాను" అని రాయక తప్పలేదు.


యార్క్‌షైర్_చలి | 8 నవంబరు 2024, రాత్రి 11:58

తుంగభద్ర గారూ, మా బృందంలో ఏడాది పాటు నేను చెప్పలేనిది ఏమిటో మీరు రాశాక సూటిగా తెలిసింది. అక్కడ నేను అడిగించుకున్న ప్రశ్న కూడా "ఏ పక్క" అన్నదే, చాలా మర్యాదగా. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మా ఊళ్లో నేను ఆ ప్రశ్నకు ఎప్పుడూ తడుముకోవలసిన అవసరం లేని పక్క దాన్ని. ఇక్కడికి వచ్చాకే నాకు ఆ కుర్చీ తెలిసింది.


పాత_వార్డు | 9 నవంబరు 2024, ఉదయం 6:20

ముప్పై ఏళ్లలో నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఎవరూ నాకు ఈ సంగతి చెప్పలేదు. జరగలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. తుంగభద్ర, దీనికి నా దగ్గర సలహా లేదు.


రెండో_ఏడు | 9 నవంబరు 2024, మధ్యాహ్నం 12:30

కొంచెం నేల మీది మాట. ఎం.ఫిల్. రద్దయిన తరవాత మనకు మాత్రం 2025-26 వరకు యూజీసీ గడువు ఇచ్చింది. ఆ తరవాత ఈ శిక్షణ వేరే పేర్లతో, వేరే ఆకారంలో నడుస్తుంది. కొత్త పాఠ్యప్రణాళికల్లో ఆత్మపరిశీలన పేజీలు ఇంకా పెరుగుతాయని నా అనుమానం, ఎందుకంటే పేజీ పెట్టడం సులువు, వినే మనిషికి గంట ఖాళీ ఇవ్వడం కష్టం. ఒక సూపర్‌వైజర్‌కు ఎంతమంది ట్రైనీలు, వారానికి ఎన్ని గంటలు విడిగా ఇవ్వాలి అన్నది కాగితం మీద ఒకటి, ఓపీ రోజున మరొకటి.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. మొన్న వైవా భయానికి మనం రోగులకు ఇచ్చే ఆలోచనల పట్టికనే నా మీద ప్రయోగించుకున్నాను. ఎప్పుడు భయం వేసింది, ఏమనుకున్నాను, దానికి ఆధారం ఏమిటి అని రోజూ నింపాలి. మూడో రోజుకు మానేశాను. అంతకుముందు వారమే ఒక రోగి పట్టిక నింపలేదని "సహకరించడం లేదు" అని ఫైల్లో రాసినవాణ్ని. ఆ మాట కొట్టేసి వచ్చాను.


చిక్కుడుపాదు | 17 నవంబరు 2024, సాయంత్రం 5:45

ఆలస్యానికి మన్నించండి. ఏం జరిగిందో చెప్పాలి కదా.

మొదటి గురువారం ఆవిడ రాలేదు. తరవాతి సోమవారం, ఎవరూ పిలవకుండానే, చెల్లెలితో వచ్చారు. సార్ నన్ను "నువ్వు అడుగుతావా, నేను అడగనా?" అన్నారు. తెలియదన్నాను. "అయితే నేను అడుగుతాను, నువ్వు గదిలో ఉండు" అన్నారు. సార్ తొందరపడకుండా, ప్రశ్నలో "లేవు కదా" అన్న తోక లేకుండా అడిగారు. ఆవిడ చాలాసేపు కొంగు అంచు మడుస్తూ ఉండిపోయారు. తరవాత చెప్పారు. చెప్పినది ఇక్కడ రాయను. ఇప్పుడు చికిత్సలో ఉన్నారు, చెల్లెలి ఇంట్లో ఉన్నారు. తేలిగ్గా కొట్టిపారేసే స్థితి కాదని మాత్రం చెబుతాను.

ఆవిడ వెళ్లాక సార్‌ను "ఫైలుకు కాకుండా ఒక మాట చెప్పుకోవచ్చా?" అని అడిగాను. ఆయన గడియారం చూశారు. నాకు గుండె జారింది. "ఇప్పుడు ఇరవై నిమిషాలే ఉన్నాయి, చాలకపోతే శుక్రవారం నాలుగింటికి రా" అన్నారు. గేటు గురించి చెప్పలేదు. "ఇలాంటి ఇళ్ల గురించి వింటే నాకు వినబడటం మానేస్తుంది" అని మాత్రం చెప్పాను. ఆయన కారణం అడగలేదు. "వినబడటం మానేసిందని నీకు ఎలా తెలుస్తుంది, గుర్తు ఏమిటి?" అన్నారు. ఆలోచిస్తే, నేను నోట్సు వేగంగా రాయడం మొదలుపెడతాను. ఇక నుంచి పెన్ను వేగం పెరిగితే ఆపి, రోగి చివరి మాటను తిరిగి వాళ్లకే అప్పజెప్పాలని అనుకున్నాం. శుక్రవారం వెళ్లాను. ఈ శుక్రవారం కూడా వెళ్తాను.

చూపు మారిందా అంటే, మారింది. ఇప్పుడు నాకు తాగుడు కేసులు ముందుగా చెప్పి ఇస్తున్నారు. అది నాకు నచ్చిందో లేదో ఇంకా తెలియదు. తోటివాళ్లు "ఎందుకు నీకు మాత్రం ముందు చెబుతారు?" అని అడుగుతున్నారు.

ఆత్మపరిశీలన పేజీలకు మార్కులు ఇంకా ఉన్నాయి.


నల్లమల_నీడ | 17 నవంబరు 2024, రాత్రి 8:10

మనలో కొందరం ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోనులో కలుద్దామా? నలుగురైదుగురు చాలు. రోగుల వివరాలు వద్దు, కేసు చర్చ వద్దు. ఆ వారం ఎక్కడ వినబడటం మానేసిందో, ఎక్కడ సగం మార్కు ఇచ్చామో చెప్పుకుందాం. తెలుగులో.


తుంగభద్ర | 17 నవంబరు 2024, రాత్రి 8:31

వస్తాను. కెమెరా ఆపేసి ఉంచుతాను మొదట్లో.


రెండో_ఏడు | 17 నవంబరు 2024, రాత్రి 8:33

నేనూ. మౌనం విలువ తెలిసినవాణ్ని, ఇబ్బంది పెట్టను.


ఓపీ_చీటీ | 17 నవంబరు 2024, రాత్రి 9:04

సైకియాట్రీ వాళ్లను రానిస్తారా? డ్యూటీ లేని ఆదివారాలు మాత్రమే.


పాత_వార్డు | 17 నవంబరు 2024, రాత్రి 9:20

నేను కూడా ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చోవచ్చా? మాట్లాడను.


చిక్కుడుపాదు | 17 నవంబరు 2024, రాత్రి 10:02

ఓపీ_చీటీ గారూ, రండి.

పాత_వార్డు సార్, మీ మాట లేకపోతే ఆ రోజు నేను పొద్దునే బయలుదేరేదాన్ని కాదు. అయినా వద్దు సార్, క్షమించండి. మీరు మాట్లాడకపోయినా మేం మీకోసం మాట్లాడతాం.


పాత_వార్డు | 17 నవంబరు 2024, రాత్రి 10:09

సరేనమ్మా. నేను ఇక్కడే ఉంటాను, ఈ చర్చలో.